బ్యాగు పక్కన ఉబ్బితే: గాటు ఎంతని కాదు, మెష్ ఎలా పరుస్తారని అడగండి

ఈసారి ఉత్తరాలన్నీ ఒకే సమస్య మీద. పేగు ఆపరేషన్ తర్వాత పొట్ట మీద స్టోమా (పేగును పొట్టగోడలోంచి బయటికి తెచ్చి పెట్టిన ద్వారం) పెట్టించుకుని, బ్యాగు వాడుతున్నవాళ్ళకు ఆ స్టోమా పక్కనే వచ్చే హెర్నియా గురించి. దీని గురించి ఇంట్లో మాట్లాడుకోవడానికే చాలామంది ఇబ్బంది పడతారు, డాక్టరు దగ్గర కూడా చివర్లో, లేచి వెళ్ళబోతూ చెబుతారు. అందుకే మొదటి ఉత్తరానికి కావలసినంత చోటు తీసుకుని జవాబు రాశాను. పేర్లు, ఊర్లు వేయవద్దన్నారు కాబట్టి వేయలేదు.

ప్రశ్న: మేడం గారికి నమస్కారం. మా నాన్నగారికి 63 ఏళ్ళు. ఆర్టీసీలో డ్రైవర్‌గా చేసి రిటైరయ్యారు. నాలుగేళ్ళ కిందట పెద్దపేగు చివర్లో క్యాన్సర్ వస్తే మలద్వారంతో సహా తీసేసి, పొట్టకు ఎడమ పక్కన శాశ్వతంగా బ్యాగు పెట్టారు. ఏడాదిన్నరగా బ్యాగు చుట్టూ పొట్ట ఉబ్బుతోంది. మొదట పిడికిలంత ఉండేది, ఇప్పుడు చొక్కా గుండీలు పట్టడం లేదు. బ్యాగు అంటుకుని నిలవడం లేదు, వారంలో రెండు మూడుసార్లు లీకవుతోంది. చర్మం పుండైంది. రెండుసార్లు రాత్రిపూట కడుపు మెలిపెట్టినట్టు నొప్పి వచ్చి, బ్యాగులోకి ఏమీ రాలేదు. తెల్లారేసరికి దానంతటదే తగ్గింది. నీళ్ళ బిందెలు ఎత్తడం వల్లే ఇదంతా అని తనను తానే తిట్టుకుంటున్నారు. పెళ్ళిళ్ళకు, పేరంటాలకు రావడం మానేశారు. ఒక డాక్టరు గారు నాలుగు కుట్లు వేస్తే సరిపోతుందన్నారు. ఇంకొకరు కీహోల్ ఆపరేషన్ చేసి మెష్ (పొట్టగోడకు ఆసరాగా వేసే వల) వేస్తామన్నారు. చిన్న గాట్లతో పని అయిపోతుందంటే అదే మంచిదని మాకనిపిస్తోంది. క్యాన్సర్ మళ్ళీ వచ్చిందేమోనన్న టెన్షన్ కూడా ఉంది. ఏం చేయమంటారు?

జవాబు: అమ్మా, ముందు మీ నాన్నగారికి ఒక మాట చెప్పండి. బిందెలు ఎత్తడం వల్ల ఇది రాలేదు. పేగును బయటికి తీసుకురావాలంటే పొట్ట కండరాల్లో రంధ్రం చేయక తప్పదు. ఆ రంధ్రం రోజూ, దగ్గినప్పుడల్లా, లేచినప్పుడల్లా కొంచెం కొంచెం సాగుతుంది. పేగు పక్కన కాస్త సందు ఏర్పడితే ఇంకో పేగు ముక్కో, లోపలి కొవ్వో అందులోకి దూరుతుంది. శాశ్వతంగా కొలొస్టమీ, అంటే పెద్దపేగుతో పెట్టిన స్టోమా, ఉన్నవాళ్ళలో ఏడాదికే మూడో వంతు మందికి, కొన్నేళ్ళు గడిచేసరికి సగం మందికి ఈ హెర్నియా వస్తుంది. సగం మందికి వచ్చేదాన్ని ఒక మనిషి తప్పు కింద ఎలా జమ కడతాం? లావు, పొగతాగడం, ఎడతెగని దగ్గు, స్టెరాయిడ్ మందులు, మొదటి ఆపరేషన్‌లో రంధ్రం పెద్దది కావడం, వయసు, ఇవన్నీ దీన్ని పెంచుతాయి. ఆయన ఇంతకాలం బస్సు నడిపి సంసారాన్ని లాక్కొచ్చిన మనిషి. ఈ నేరం కూడా ఆయన నెత్తిన పెట్టుకోనివ్వకండి.

క్యాన్సర్ భయం గురించి. హెర్నియా అంటే క్యాన్సర్ తిరగబెట్టడం కాదు. అయినా ఆపరేషన్ ఆలోచించే ముందు సీటీ స్కాన్ ఎలాగూ తీయిస్తారు, క్యాన్సర్ ఫాలోఅప్‌లో చేయించాల్సిన సీఈఏ రక్తపరీక్ష (క్యాన్సర్ తిరగబెట్టే సూచన చూసేది), కొలొనోస్కోపీ (పెద్దపేగులోకి కెమెరా పంపి చూడడం) మిగిలిపోయి ఉంటే అవీ చేయిస్తారు. పేగు ఎంత దూరింది, రంధ్రం ఎన్ని సెంటీమీటర్లు, మధ్యలో ఉన్న పాత కుట్ల దగ్గర కూడా ఇంకో హెర్నియా ఉందా అన్నవి ఆ స్కాన్‌లోనే తెలుస్తాయి. పడుకుంటే సర్దుకుపోయే ఉబ్బు స్కాన్‌లో చిన్నదిగా కనబడవచ్చు. అందుకే నేను నా ఓపీలో పేషెంటును నిలబెట్టి, చొక్కా పైకెత్తించి, దగ్గమని చూస్తాను. కుర్చీలో కూర్చోబెట్టి ముందుకు వంగమని కూడా చూస్తాను. బ్యాగు ఊడేది మంచం మీద కాదు, ఇలాంటప్పుడే.

ఈ హెర్నియా ఉన్న అందరికీ ఆపరేషన్ అక్కర్లేదు. ఉబ్బు ఉన్నా బ్యాగు బాగా అంటుకుని, నొప్పి లేకుండా పనులు చేసుకుంటున్నవాళ్ళకు నేను కత్తి పట్టను. వాళ్ళకు బెల్టు, బరువు తగ్గడం, మలబద్ధకం లేకుండా చూసుకోవడం చాలు. మీ నాన్నగారి సంగతి వేరు. బ్యాగు నిలవడం లేదు, చర్మం పుండైంది, రెండుసార్లు పేగు మెలిపడినట్టు నొప్పి వచ్చి తగ్గింది. ఆ రెండు రాత్రులూ నాకు నచ్చలేదు. పైగా మనుషుల్లోకి రావడం మానేశారన్నారు. చాలామంది దీన్ని రోగ లక్షణంగా లెక్కపెట్టరు, నేను లెక్కపెడతాను. ఆయన ఆపరేషన్ గురించి ఆలోచించాల్సిన మనిషే. నిర్ణయం మాత్రం ఆయన నోటి నుంచి రావాలి. ఉత్తరం మీరు రాశారు కాబట్టి ఈ మాట అంటున్నాను.

ఇక ఆపరేషన్ సంగతి. "నాలుగు కుట్లు" అన్న సలహా వద్దు. రంధ్రాన్ని ఉత్త కుట్లతో బిగిస్తే అది మళ్ళీ తెరుచుకుంటుంది. 2012లో వైద్య పత్రికలో వచ్చిన ఒక పెద్ద సమీక్షలో, అప్పటిదాకా ప్రచురించిన ఆపరేషన్ల ఫలితాలన్నీ కూడి చూశారు. కుట్లు మాత్రమే వేసినవాళ్ళలో దాదాపు 70 శాతం మందికి హెర్నియా తిరగబెట్టింది. ఐరోపా హెర్నియా సంఘం 2018లో ప్రచురించిన మార్గదర్శకాలు కూడా ప్లాన్ చేసి చేసే ఆపరేషన్‌లో ఉత్త కుట్ల పద్ధతి వద్దనే అన్నాయి. స్టోమాను ఎడమ నుంచి కుడికి మార్చేస్తే పోతుందని కూడా కొందరు అంటారు. కొత్త చోట కొత్త రంధ్రం, అక్కడా అదే ప్రమాదం.

అంటే మెష్ వేయాల్సిందే. మీ ఉత్తరంలో ఉన్న గందరగోళం ఇక్కడే మొదలవుతుంది. చిన్న గాట్లతో, కెమెరా పెట్టి చేసే ఆపరేషన్‌ను మనవాళ్ళు కీహోల్ అంటారు, అది ల్యాప్రోస్కోపీ. స్టోమా హెర్నియా చేసే సర్జన్లు "కీహోల్" అన్నప్పుడు వాళ్ళ ఉద్దేశం వేరేది కావచ్చు. మెష్ మధ్యలో రంధ్రం కత్తిరించి, ఆ రంధ్రంలోంచి పేగును బయటికి తెచ్చే పద్ధతి పేరు కూడా అదే. మీకు చెప్పిన డాక్టరు గారు ఏ అర్థంలో అన్నారో కనుక్కోండి. ఎందుకంటే అదే సమీక్షలో, ల్యాప్రోస్కోపీతో మెష్‌కు రంధ్రం చేసి వేసినవాళ్ళలో సుమారు 35 శాతం మందికి తిరగబెట్టింది. ల్యాప్రోస్కోపీతోనే రంధ్రం లేని మెష్ పరిచినవాళ్ళలో సుమారు 12 శాతం మందికి. బయట గాట్లు రెండింట్లోనూ ఒకటే. తేడా అంతా లోపల ఉంది.

రంధ్రం లేకుండా మెష్ వేస్తే పేగు బయటికి ఎలా వస్తుందని అడుగుతారు. పేగును ముందు పొట్టగోడ వెంబడి పక్కకు, బయటి వైపుకు నడిపిస్తారు. దాని మీద మెష్‌ను పూర్తిగా పరుస్తారు. లంగా మడతలో నాడా నడిచినట్టు పేగు మెష్‌కూ పొట్టగోడకూ మధ్య కొంత దూరం నడిచి, అప్పుడు స్టోమా దగ్గర బయటపడుతుంది. మనిషి దగ్గినప్పుడు లోపలి ఒత్తిడి మెష్‌ను, దాని కింది పేగును పొట్టగోడకు అదిమి పెడుతుంది. ఏ ఒత్తిడి హెర్నియాను పెంచిందో అదే ఇప్పుడు దాన్ని మూసి ఉంచుతుంది. అమెరికా సర్జన్ పాల్ షుగర్‌బేకర్ 1985లో దీన్ని ప్రచురించారు, అందుకే షుగర్‌బేకర్ పద్ధతి అంటారు. ఆయన పొట్ట తెరిచే చేశారు. చిన్న గాట్లు తర్వాత వచ్చి చేరాయి. అందువల్ల గాటు ఎంత అన్నది రెండో ప్రశ్నగా ఉంచుకోండి. మెష్ ఎలా పరుస్తారు అన్నది మొదటి ప్రశ్న.

గాట్లు చిన్నవైతే లాభం లేదని కాదు. పుండు పెద్దది కాదు, చీము పట్టే అవకాశం తక్కువ, తొందరగా లేచి నడుస్తారు. మీ నాన్నగారికి ఇప్పటికే మధ్యలో పొడవాటి కుట్టు ఉంది, దాన్ని మళ్ళీ తెరవకపోవడం చాలా పెద్ద మేలు.

ఆపరేషన్ ఇలా జరుగుతుంది. పూర్తి మత్తు ఇస్తారు. స్టోమా నుంచి మురికి రాకుండా దాన్ని మూసి, మీద స్టెరైల్ షీటు అంటిస్తారు. స్టోమా ఎడమ పక్కన ఉంది కాబట్టి కుడి పక్కన మూడు నాలుగు చిన్న గాట్లు పెడతారు, ఒక్కోటి అర సెంటీమీటరు నుంచి సెంటీమీటరుకు కాస్త ఎక్కువ. కార్బన్ డయాక్సైడ్‌తో పొట్టను ఉబ్బించి కెమెరా పెడతారు. ఆ తర్వాత ఎక్కువసేపు పట్టేది మెష్ పని కాదు. పాత ఆపరేషన్ వల్ల పొట్టగోడకు అతుక్కుపోయిన పేగులను ఒక్కొక్క పోగూ విడదీయడం. ఇక్కడ తొందరపడకూడదు. పేగుకు చిన్న చిల్లు పడి, అది ఎవరూ గమనించకపోతే అదే ఈ ఆపరేషన్‌లో అన్నిటికన్నా ప్రమాదం. విడదీశాక హెర్నియాలోకి దూరినవాటిని లోపలికి లాగి, రంధ్రాన్ని కుట్లతో చిన్నది చేసి, పేగును పక్కకు సర్ది, మెష్ పరుస్తారు. మెష్ రంధ్రం అంచు దాటి అన్ని వైపులా కనీసం ఐదు సెంటీమీటర్లు ఉండాలి. కుట్లతోను, టాకర్లు అనే చిన్న పిన్నులతోను బిగిస్తారు.

మెష్ రకం కూడా అడగండి. మామూలు గజ్జ హెర్నియాకు వాడే ఉత్త పాలీప్రొపిలీన్ మెష్‌ను పేగులకు నేరుగా తగిలేలా పెట్టకూడదు, పేగు దానికి అతుక్కుపోతుంది. పేగు వైపు అంటుకోని పూత ఉన్న మెష్ కావాలి. ఖరీదు ఎక్కువే, కానీ ఇందులో మిగిల్చుకునేదేమీ లేదు.

డాక్టరు గారిని అడగాల్సినవి ఒక కాగితం మీద రాసుకుని వెళ్ళండి. ఈ ఆపరేషన్ మీరు ఏడాదికి ఎన్ని చేస్తారు? మెష్‌కు రంధ్రం చేస్తారా, చేయరా? పేగులు మరీ అతుక్కుని ఉంటే పొట్ట తెరుస్తారా? పేగుకు చిల్లు పడితే ఆ రోజు మెష్ వేస్తారా, ఆపేస్తారా? చివరి రెండు ప్రశ్నలకు విసుక్కోకుండా జవాబు చెప్పేవాళ్ళను నమ్మవచ్చు. అవసరమైతే పొట్ట తెరుస్తామని ముందే చెప్పడం చేతగానితనం కాదు, జాగ్రత్త. హెర్నియా చాలా పెద్దదైతే, మధ్యలో కూడా ఇంకోటి ఉంటే, కండరాల వెనక పొరలో మెష్ పరిచే పెద్ద ఆపరేషన్ కావాల్సి రావచ్చు. అది అందరు సర్జన్లూ చేసేది కాదు.

ఆపరేషన్‌కు ముందు ఆయన చేయగలిగింది ఉంది. బీడీ, సిగరెట్ అలవాటుంటే కనీసం నెల ముందు పూర్తిగా మానాలి. షుగరు అదుపులో ఉండాలి. దగ్గుకు మందు వాడి తగ్గించుకోవాలి. చర్మం మీది పుండు మానాలి, పుండు మీద కొత్త బ్యాగు కూడా నిలవదు.

తర్వాత సంగతి కూడా తెలిసి ఉంటే కంగారు పడరు. మూడు నుంచి ఐదు రోజులు ఆస్పత్రిలో ఉంచుతారు. ఉబ్బు ఉన్న చోటే మళ్ళీ మెత్తగా ఉబ్బితే ఆపరేషన్ ఫెయిలైందని అనుకోకండి. ఖాళీ అయిన హెర్నియా సంచిలో నీరు చేరుతుంది, చాలావరకు కొన్ని వారాల్లో అదే ఇంకిపోతుంది. బయట ఎవరితోనూ సూదితో తీయించకండి, మెష్‌కు చీము పట్టవచ్చు. మెష్‌కు చీము పట్టడం 2012 సమీక్షలో నూటికి ముగ్గురిలో కనబడింది, కానీ పడితే ఆ బాధ పెద్దది. స్టోమా సైజు మారుతుంది కాబట్టి బ్యాగు రంధ్రం మళ్ళీ కొలిచి కత్తిరించుకోవాలి. బ్యాగు మాత్రం పోదు. మలద్వారం తీసేశారు కనుక అది జీవితాంతం ఉంటుంది. ఆపరేషన్ చేసేది ఆ బ్యాగు ఊడకుండా నిలవడానికి.

ఆరోగ్యశ్రీ కార్డు ఉంటే, అడ్మిట్ కాకముందే ఆస్పత్రిలోని ఆరోగ్యమిత్రను కలిసి ఈ ఆపరేషన్, ఈ మెష్ ప్యాకేజీలోకి వస్తాయో లేదో అడిగి తెలుసుకోండి. తర్వాత అడిగితే లాభం లేదు.

ఆపరేషన్ తేదీ వచ్చేదాకా ఆయనను స్టోమా నర్సు దగ్గరికి తీసుకెళ్ళండి. బ్యాగును చర్మానికి అంటించే ప్లేటు గట్టిదైతే ఉబ్బు మీద అంచుల్లో లేచిపోతుంది, మెత్తగా వంగే ప్లేటు కావాలి. వారంలో ఈ ఒక్క మార్పుతోనే లీకు తగ్గినవాళ్ళను చూశాను.

ప్రశ్న: నా వయసు 41. పెద్దపేగు ఆపరేషన్ తర్వాత తాత్కాలికంగా చిన్నపేగుతో బ్యాగు పెట్టారు, మూడు నెలల్లో మూసేస్తామన్నారు. ఇప్పుడు పక్కన చిన్న ఉబ్బు వచ్చింది. మావారు భయపడుతున్నారు, వెంటనే హెర్నియా ఆపరేషన్ చేయించుకోమంటున్నారు.

జవాబు: వద్దమ్మా. మూసేయబోయే స్టోమాకు ఇప్పుడు మెష్ ఎందుకు? స్టోమా మూసే రోజునే ఆ రంధ్రాన్ని కూడా సరిచేస్తారు. మూసేయాల్సిన తేదీ మాత్రం వాయిదా పడకుండా చూసుకోండి. పండగ అయ్యాక, పెళ్ళి అయ్యాక అని జరుపుకుంటూ పోతే ఉబ్బు పెరుగుతుంది. మీవారిని వచ్చేసారి డాక్టరు దగ్గరికి మీతో తీసుకెళ్ళండి, ఆయన భయం అక్కడే తీరుతుంది.

ప్రశ్న: స్టోమా హెర్నియాకు రోబోతో చేస్తే మళ్ళీ రాదని, ఖర్చు ఎక్కువైనా అదే చేయించుకోమని ఒక కార్పొరేట్ ఆస్పత్రిలో అన్నారు. పొలం తాకట్టు పెట్టాలా?

జవాబు: పెట్టకండి. రోబో అంటే తనంతట తను ఆపరేషన్ చేసే యంత్రం కాదు, సర్జన్ కుర్చీలో కూర్చుని దాని చేతులు నడిపిస్తారు. పొట్టగోడ పైభాగంలో కుట్లు వేయడానికి, కండరాల వెనక పొరలో మెష్ పరచడానికి అది చేతికి సౌకర్యంగా ఉంటుంది. అలాంటి కష్టమైన హెర్నియాలో అలవాటున్న సర్జన్‌కు బాగా పనికొస్తుంది. దానితో చేస్తే "మళ్ళీ రాదు" అని మాత్రం ఎవరూ మాట ఇవ్వలేరు, ఏ పద్ధతికీ ఇవ్వలేరు. రంధ్రం లేని మెష్‌ను మామూలు ల్యాప్రోస్కోపీతో ఏళ్ళుగా చేస్తున్న సర్జన్ మీకు అందుబాటులో ఉంటే, పొలం మీ పేరునే ఉంచుకుని ఆయన దగ్గరికి వెళ్ళండి.

ప్రశ్న: మూత్రాశయం తీసేసి పొట్ట మీద మూత్రం బ్యాగు పెట్టారు. దాని పక్కన ఉబ్బింది. దీనికీ మీరు చెప్పే మెష్ పనికొస్తుందా?

జవాబు: పనికొస్తుంది, కానీ ఇంకా జాగ్రత్త కావాలి. మీకు బయటికి వచ్చేది చిన్నపేగు ముక్క, కిడ్నీల నుంచి మూత్రం దానిలోకే వస్తుంది. మెష్ కింద ఆ ముక్క మడత పడినా, నొక్కుకుపోయినా మూత్రం వెనక్కి తన్ని కిడ్నీలు పాడవుతాయి. అందువల్ల మూత్రాశయం ఆపరేషన్ చేసిన యూరాలజిస్టు, హెర్నియా సర్జన్ కలిసి నిర్ణయించాలి. ఆపరేషన్‌కు ముందు, తర్వాత కూడా కిడ్నీల స్కాన్, కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ రక్తపరీక్ష చేయించుకోండి.

ప్రశ్న: ఆపరేషన్ వద్దనుకుని బెల్టుతో నెట్టుకొస్తున్నాను. వ్యవసాయం చేస్తాను. బెల్టు కట్టినా సాయంత్రానికి ఉబ్బు బయటికి వస్తోంది. ఏ బరువు దాకా ఎత్తవచ్చు? ఎప్పుడు భయపడాలి?

జవాబు: బెల్టు నిలబడి కడుతున్నారేమో చూసుకోండి. పొద్దున లేవకముందే, పడుకుని, ఉబ్బు లోపలికి సర్దుకున్నాక కట్టాలి. బయటికి వచ్చాక కడితే దాన్ని బయటే బిగించినట్టవుతుంది. మీ నడుము కొలతకు తీసుకున్నదే వాడండి, వదులైపోతే మార్చండి. యూరియా బస్తా ఒక్కరూ ఎత్తకండి, స్ప్రేయర్ నిండా నింపి వీపున మోయకండి, సగం నింపి రెండుసార్లు తిరగండి. దగ్గు వచ్చినప్పుడు, తుమ్ము వచ్చినప్పుడు స్టోమా మీద అరచేయి ఆనించి పట్టుకోండి.

భయపడాల్సిందల్లా ఇది. ఉబ్బు గట్టిపడి లోపలికి వెళ్ళకపోవడం, తగ్గని నొప్పి, వాంతులు, బ్యాగులోకి గాలి కూడా రాకపోవడం, ఎర్రగా ఉండే స్టోమా ఊదా రంగుకో నల్లగానో తిరగడం. ఇందులో ఏది కనబడినా బెల్టు విప్పేయండి, ఏమీ తినకండి, తాగకండి. తెల్లారేదాకా చూద్దామనకుండా అదే రాత్రి సర్జన్ ఉన్న ఆస్పత్రికి వెళ్ళండి. ఊళ్ళో ఆర్‌ఎంపీ దగ్గర నొప్పి ఇంజెక్షన్ వేయించుకుని పడుకోకండి. ఆటో దొరకకపోతే 108కు ఫోన్ చేయండి. పాత ఆపరేషన్ కాగితాలు, స్కాన్ రిపోర్టులు ఒక కవర్లో పెట్టి తలుపు దగ్గర ఉంచుకోండి, ఇంట్లోవాళ్ళకు ఆ కవర్ ఎక్కడుందో చెప్పి ఉంచండి.